వంద వాట్ల అవివేకం

ఈసారి సంక్రాంతికి నక్కపల్లి వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు ఒక సందేహం మూటగట్టుకుని వచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఏడాదయింది. జీతంలోంచి నెలనెలా కొంత దాచి నలభై వేలు కూడబెట్టాడు. ఆ సొమ్ముతో తన గిటారుకు హై-గెయిన్ యాంప్లిఫయరు కొనాలట. "మావయ్యా, ఏది కొనమంటావు?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండానే ఫోను తీసి పదిహేను పేర్ల పట్టిక చూపించాడు. మార్షల్, మీసా బూగీ, సోల్డానో, పీవీ... సగం పేర్లు ఒకప్పుడు నేను నిద్రలో కలవరించినవే. నలభై వేలకు వాటిలో కొన్నింటి మోతపిడి కూడా రాదన్నది వేరే సంగతి.

నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఇదే ప్రశ్నకు ఇరవై యేళ్ళ క్రితం నాకు నేను చెప్పుకున్న తప్పు సమాధానం నా ఎడమ చెవిలో ఇప్పటికీ ఒక సన్నని ఈలగా మోగుతూనే ఉంది. పగలు రహదారి మీది లారీల రొదలో అది కలిసిపోతుంది. రాత్రి ఊరు సద్దుమణిగాక, నేనున్నానంటూ పలకరిస్తుంది. అది ఏ స్వరమో తెలుసుకుందామని ఒకసారి గిటారు పట్టుకుని వెతికాను కూడా. చిట్టచివరి మెట్టు దాకా వెళ్ళినా దొరకలేదు, అంతకన్నా ఎంతో పైన ఉంది. కాబట్టి మిత్రులారా, దీన్ని నిపుణుడి సలహాగా కాక, చెయ్యి కాల్చుకున్నవాడి, కాదు, చెవి కాల్చుకున్నవాడి గోడుగా చదువుకోవలసిందని మనవి.

"ముందు ఏ పెట్టెకూ తగిలించకుండా వాయించు, వింటాను" అన్నాను. వాడికి వింతగా తోచింది. ఎలక్ట్రిక్ గిటారును ఊరికే వాయిస్తే దోమ పాడినట్టుంటుంది. అయినా పెద్దవాడి మాట తీసెయ్యలేక, వసారాలో మంచం మీద కూర్చుని వాయించాడు. కుడి అరచేతి అంచును గుర్రం దగ్గర తీగలకు ఆనించి, లావు తీగలను సగం అణచిపట్టి, వేగంగా, తూచినట్టుగా మీటుతున్నాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య రవంత నిశ్శబ్దం. ఆ సంగీతానికి ప్రాణం దెబ్బలో కాదు, ఆ నిశ్శబ్దంలోనే ఉంది. ఎడమ చెయ్యి పెద్దగా కదలదు. అది మృదంగం వాయించవలసినవాడి చెయ్యి, దారి తప్పి గిటారు మీదికి వచ్చింది.

తరువాత గిటారు నేను తీసుకున్నాను. నా చెయ్యి అందుకు పూర్తిగా విరుద్ధం. ఒక్కసారి మీటి, తీగను లాగి, ఊపి, జార్చి, ఆ ఒక్క మీటులోనే నాలుగు స్వరాలు పిండుకోవాలన్న యావ నాది. కాసేపు విని వాడు నవ్వాడు. "నువ్వు గిటారు మీద కూడా వీణే వాయిస్తావు మావయ్యా" అన్నాడు. అన్నది ఎగతాళికే అయినా సత్యం అదే. ఆ వసారాలో ఉన్నవి రెండు చేతులు. రెంటికీ కావలసింది హై-గెయినే. కాని ఒకే హై-గెయిన్ కాదు.

గెయిన్ అంటే పెద్ద శబ్దమని చాలామంది అనుకుంటారు. ఇంట్లో వాల్వు రేడియో చూసి ఎరిగినవారికి అసలు సంగతి చెప్పడం సులువు. గాజుబుడ్డిలో కెంపులా వెలిగే ఆ వాల్వు తనకు అందిన సన్నని విద్యుత్తరంగాన్ని పెద్దది చేసి ముందుకు పంపుతుంది. ఆ పెంచడానికి ఒక హద్దుంది. హద్దు మీరిన తరంగాన్ని ఇస్తే, కొండ నెత్తిని చదును చేసినట్టు, దాని శిఖరాలు తెగిపోతాయి. రేడియోలు తయారుచేసేవారు అలా జరగకుండా నానా పాట్లూ పడ్డారు. గిటారువాళ్ళు అదే కావాలని కూర్చున్నారు! 1958లో లింక్ రే తన స్పీకర్లకు పెన్సిలుతో బెజ్జాలు పొడిచాడు. 1964లో కింక్స్ బృందపు డేవ్ డేవిస్ స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోశాడు. ఆ తరువాత కాలిఫోర్నియాలో రాండల్ స్మిత్ అనే ఆయన చిన్న ఫెండర్ పెట్టెలను విప్పి, ఒక వాల్వు తెంపిన తరంగాన్ని మళ్ళీ మరొక వాల్వుకు అందించే దొంతర పద్ధతి పట్టుకున్నాడు. మీసా బూగీ పుట్టింది ఆయన చేతుల్లోనే. ఇప్పటి హై-గెయిన్ పెట్టెలు దాదాపు అన్నీ ఆ దొంతర వంశంలోనివే.

శిఖరం తెగితే ఏమవుతుంది? మెల్లగా మీటినా గట్టిగా మీటినా స్వరం ఒకే ఎత్తున వినిపిస్తుంది. తీగలో కదలిక తగ్గిపోతున్నా, ఎలాగూ తెగిపోయే శిఖరం కనుక, బయటికి ఆ తగ్గుదల తెలియదు. నాదం నిలబడినట్టే ఉంటుంది. గమకం మీద మోజున్నవాడికి ఇది దేవుడిచ్చిన వరం. వీణ మీద మూడో ఊపుకే అణగారిపోయే గాంధారం ఇక్కడ ఏడో ఊపుకు కూడా నిండుగా పలుకుతుంది. సరిగ్గా ఆ గుణమే మా మేనల్లుడి పాలిట శాపం. వాడికి నిశ్శబ్దం కావలసిన చోట తీగ మీద వేలు రాసుకున్న చప్పుడూ, గోడలోని కరెంటు గుయ్యిమనడమూ, పక్క తీగ మూలుగూ అన్నీ అదే ఎత్తుకు లేచి కూర్చుంటాయి. గెయిన్ ఎక్కువైనకొద్దీ వాడి దెబ్బల మధ్య ఖాళీలు పూడిపోయి, మృదంగం కాస్తా తడిసిన డప్పవుతుంది.

ఇంకొక ముచ్చట చెప్పాలి. ఈ హెవీ మెటల్ గిటారువాళ్ళు ఎప్పుడు చూసినా రెండే స్వరాలు కలిపి బాదుతారని, వాళ్ళకు సంగీతం రాదని, మన శాస్త్రీయ సంగీతాభిమానులు చిన్నచూపు చూస్తారు. ఆ రెండు స్వరాలు షడ్జ పంచమాలు. మన తంబుర తీగలు కూడా అవే కదా! షడ్జ పంచమాల నిష్పత్తి 2:3. శిఖరాలు తెగే పెట్టెలోకి రెండు స్వరాలు కలిపి పంపితే, వాటి భేదమూ మొత్తమూ కూడా కొత్త స్వరాలై పుడతాయి. భేదం 1, అంటే కింది స్థాయి షడ్జం. మొత్తం 5, అంటే పై స్థాయి అంతరగాంధారం. చక్కగా శ్రుతి చేసిన తంబురలో ఎవరూ మీటకుండానే వినిపించే అంతరగాంధారం లాంటిదే ఇదీను. అలా కాక షడ్జంతో గాంధారాన్నే కలిపి మీటారనుకోండి, గిటారు మెట్ల మీది గాంధారం సహజ గాంధారం కన్నా రవంత హెచ్చు కనుక, పుట్టే పిల్లలు తల్లిదండ్రులతో పొసగక గొడవ గొడవగా ఉంటుంది. ఆ రెండు స్వరాలకే కట్టుబడడం వాళ్ళ చేతకానితనం కాదు. పెట్టె స్వభావం ఎరిగిన చెవి వాళ్ళది.

కాని ఇక్కడే ఒక మెలిక ఉంది. పెట్టె తనంతట తానే కింది స్థాయి షడ్జాన్ని పుట్టిస్తోంది కనుక, లోపలికి పంపేటప్పుడే మంద్రస్థాయిని కొంత కోసి పంపాలి. లేకపోతే అడుగున బురద పేరుకుంటుంది. వేగంగా వాయించేవాళ్ళు గిటారుకూ యాంప్లిఫయరుకూ నడుమ ట్యూబ్ స్క్రీమర్ అనే ఒక పచ్చ డబ్బా పెట్టుకుని, దాని గెయిన్ సున్నాకు దగ్గరగా ఉంచుకోవడం అందుకే. గెయిన్ పెంచడానికి కొన్న డబ్బాలో గెయిన్ సున్నా ఏమిటని నేను చాలాకాలం నవ్వుకున్నాను.

నవ్వుకున్న రోజుల సంగతికి వస్తాను. 2004లో విశాఖలో ఉద్యోగం చేస్తూ, విదేశం వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర వంద వాట్ల వాల్వు యాంప్లిఫయరూ, పన్నెండంగుళాల స్పీకర్లు నాలుగున్న పెట్టే కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. అది మంచి సరుకే, తప్పంతా నాది. దాన్ని ఎన్నుకోవడానికి నాకున్న కారణం ఒక్కటే, నా అభిమాన గిటారు విద్వాంసుడి ఫోటోలో ఆయన వెనుక ఉన్నది అదే. ఆరునెలల జీతం ధారపోసి, వ్యానులో వేసుకుని నక్కపల్లి తెచ్చాను. నలుగురం పట్టుకుంటే గాని గుమ్మం దాటలేదు. మా అమ్మ దాన్ని చూసి, బియ్యం పోసుకునే కొత్త గాదె అనుకుంది.

వంద వాట్లంటే యాభై వాట్లకు రెట్టింపు శబ్దమని నా లెక్క. ఆ రెంటికీ తేడా మూడు డెసిబెళ్ళే అనీ, చెవికి రెట్టింపుగా తోచాలంటే వాట్లు పదింతలు కావాలనీ తరువాతెప్పుడో తెలిసింది. అంటే యాభై వాట్ల పెట్టె రణగొణలో సగం ఐదు వాట్ల పెట్టెలోనే ఉంది. పైగా ఆ పెద్ద వాల్వులకు ఒళ్ళు వేడెక్కేదాకా పని చెప్తే గాని అసలు రుచి బయటపడదు. పని చెబుదామంటే, మా వసారాలో వాల్యూం మీట ఒకటో అంకె దాటగానే వీధి చివరి నుంచి మనిషి వచ్చేవాడు. ఒకటి దగ్గర వాయిస్తే తేనెటీగల తుట్టెను సీసాలో మూసినట్టుండేది. ఇక సాయంత్రమయ్యేసరికి ఊళ్ళో వోల్టేజి నూట డెబ్భైకి జారేది. వాల్వుల వెలుగు సన్నగిల్లి, దానితోపాటు నా స్వరమూ నీరసించేది. స్టెబిలైజరు కొన్నాను. అది పాట మధ్యలో టక్కు టక్కుమని తాళం వేసేది, నా తాళంలో కాదు.

ఇంట్లోవాళ్ళందరూ ఉపమాక వెంకటేశ్వరస్వామి కల్యాణానికి వెళ్ళిన ఒక ఫాల్గుణమాసపు రోజున, నాకు అవకాశం చిక్కింది. తలుపులు బిడాయించుకుని మీటను ఐదుకు తిప్పాను. ఆ ధ్వని ఎలా ఉందంటే, అబద్ధం ఎందుకు చెప్పాలి, స్వర్గంలా ఉంది. స్పీకర్ల ఎదుట నాలుగడుగుల దూరంలో, చెవి సరిగ్గా వాటి ఎత్తుకు వచ్చేలా స్టూలు మీద కూర్చుని, రెండు గంటలు వాయించాను. అటువంటి రోజులు ఆ రెండేళ్ళలో పదో పన్నెండో దొరికి ఉంటాయి. నియోష్ అనే అమెరికా సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ళ శబ్దంలో మనిషి ఎనిమిది గంటలు ఉండవచ్చు. ప్రతి మూడు డెసిబెళ్ళకూ ఆ వ్యవధి సగానికి పడిపోతుంది. వంద డెసిబెళ్ళ దగ్గర మిగిలేది పావుగంట. నేను కూర్చున్న చోట ఎన్ని డెసిబెళ్ళో కొలవలేదు, గోడమీది పటాలు మాత్రం ఒకటి రెండుసార్లు కింద పడ్డాయి. మొదట వాయించిన రాత్రి మాత్రమే ఈల వినిపించేది. తెల్లవారేసరికి పోయేది. ఒకనాడు తెల్లవారినా పోలేదు.

ఇంత చేసి, ఆ పెట్టెను నలుగురి ముందు వాయించింది ఒక్కసారే. వినాయకచవితి పందిరిలో, ముగ్గురు స్నేహితులతో. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు గంభీరంగా ఉండాలని మంద్రమూ తారమూ పెంచి, నడిమి మీటను పూర్తిగా తగ్గించి పెట్టుకునేవాణ్ణి. పందిట్లోనూ అలాగే పెట్టాను. డ్రమ్ములూ బేసు గిటారూ మొదలవగానే, వంద వాట్లూ మాయమైపోయాయి. మంద్రాన్ని బేసు మింగింది, తారాన్ని తాళాలు మింగాయి. నాకంటూ మిగిలిన నడుమను నేనే కోసి పారేసుకున్నాను. వెనుక వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్న నాన్నగారు ఇంటికి వచ్చాక అన్నారు, "నీ వేళ్ళు బాగానే కదిలాయిరా, వినిపించలేదు గాని." కొంతసేపయ్యాక మళ్ళీ అన్నారు, "పక్కన డోలు అంత మోత మోగుతున్నా సన్నాయివాడికి మైకు ఎందుకు అక్కర్లేదో ఎప్పుడైనా ఆలోచించావా?"

అప్పట్లో ఉక్రోషం వచ్చింది. ఆలోచించడానికి ఏళ్ళు పట్టింది. సన్నాయి గొంతు సరిగ్గా మన చెవి అన్నిటికన్నా బాగా వినగల నడిమి ప్రాంతంలో పలుకుతుంది. డోలు కింద ఉంటుంది. ఇద్దరూ ఒకరి చోటులోకి ఒకరు రారు. యాంప్లిఫయర్లలో బ్రిటిష్ ధోరణి పెట్టెలు, ఈఎల్34 వాల్వులతో వచ్చే మార్షల్ వంటివి, ఆ నడిమి గొంతుకు పేరుపడ్డవి. అమెరికన్ ధోరణివి, 6ఎల్6 వాల్వులవి, కింద బలంగా బిగువుగా ఉంటాయంటారు. నా చేతికి కావలసింది మొదటిది. నేను ఫోటో చూసి కొన్నది రెండవది.

నాన్నగారు బడిపంతులు. ఆయన దగ్గర మాండొలిన్ శ్రీనివాస్ క్యాసెట్లు ఒక అరనిండా ఉండేవి. 1969లో పాలకొల్లులో పుట్టి, 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడి కథ మా ఇంట్లో భారత భాగవతాలతో సమానంగా నడిచేది. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. మీటిన నాదం మీటినట్టే ఆరిపోతుంది. పాశ్చాత్యులు దాన్ని గబగబా మీటుతూ నాదాన్ని నిలబెట్టేది అందుకే. ఆ వాయిద్యం మీద గమకం పలకదని పెద్దలు పెదవి విరిచారు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు. నాలుగు చాలక ఐదోది కలుపుకున్నాడు. ఒంటి తీగ కనుక ఊపడానికి వీలు, యాంప్లిఫయరు కనుక నిలవడానికి వీలు. అయితే ఆ నాదంలో గరుకు ఎక్కడా ఉండదు. శిఖరం తెగకుండా, తెగే హద్దుకు ఇవతలే, మెల్లని మీటు మెల్లగానూ గట్టి మీటు గట్టిగానూ వినబడేటట్టు ఉంచుకున్నాడు. నేను గెయిన్ మీటతో చేయించాలనుకున్న పని ఆయన వేళ్ళతో చేశాడు. ఆ క్యాసెట్లు వింటూ పెరిగిన నేను, నా చేతిలోకి వచ్చిన ఆ ఊపును గుర్తుపట్టకుండా, ఎవరిదో ఫోటో చూసి యాంప్లిఫయరు కొన్నాను. 2014లో నలభై అయిదేళ్ళకే శ్రీనివాస్ పోయారన్న వార్త విన్న రోజున నాన్నగారు క్యాసెట్లన్నీ తీసి తుడిచి, మళ్ళీ అరలో పెట్టేశారు. ఏదీ వినలేదు.

శ్రీనివాస్‌తో రిమెంబర్ శక్తి బృందంలో కలిసి వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా మొదటి రికార్డులో ఆయన మార్షల్ పెట్టెను పూర్తిగా రెచ్చగొట్టి, నిప్పులు కురిపించాడు. 1975 ప్రాంతాల్లో శక్తి బృందంలో, మెట్ల నడుమ చెక్కను లోతుగా గీసిన అకూస్టిక్ గిటారు పట్టి, తీగను వీణలా కిందికి నొక్కి గమకం పలికించాడు. శ్రీనివాస్ పక్కన కూర్చున్నప్పుడు మళ్ళీ ఎలక్ట్రిక్కే, కాని తేటగా, గరుకు లేకుండా. వాయించవలసిన సంగీతం మారినప్పుడల్లా ఆయన పనిముట్టు మార్చాడు.

ఇవన్నీ మా మేనల్లుడికి ఒక్క రాత్రిలో చెప్పానని కాదు. చెప్పినా వినడు. ముక్కనుమ వెళ్ళాక వాణ్ణి తీసుకుని విశాఖ వెళ్ళాను. మూడు షరతులు పెట్టాను. నీ గిటారు నువ్వే తెచ్చుకో, దుకాణంలోని మంచి గిటారుతో ఏ పెట్టె అయినా బాగానే పలుకుతుంది. గెయిన్ సున్నా నుంచి మొదలుపెట్టి, నీ దెబ్బ నీకు సరిపడగానే ఆపు. చెవుల్లో దూది కాదు, ఇవి పెట్టుకో అని వంద రూపాయల రబ్బరు బిరడాలు ఇచ్చాను. మొదటి రెండూ ఒప్పుకున్నాడు. మూడోదానికి సిగ్గుపడ్డాడు. నేను నా ఎడమ చెవి సంగతి చెప్పాను. అప్పటిదాకా మా అక్కకు కూడా తెలియదు అది.

ఎనిమిది దగ్గర పెట్టుకుని వాయించే అలవాటున్నవాడు, నాలుగు దగ్గర ఆగాడు. అక్కడ వాడి దెబ్బలు విడివిడిగా, గులకరాళ్ళు రాలినట్టు వినిపించాయి. తప్పులు కూడా వినిపించాయి. మొహం చిన్నబుచ్చుకుని మళ్ళీ ఆరుకు తిప్పాడు. తప్పులు మాయమయ్యాయి. కాసేపు అటూ ఇటూ తిప్పి, చివరకు తనే నాలుగుకు తెచ్చాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నట్టు నటించాను.

కొన్నది వాల్వుల పెట్టె కాదు. లోపలి కంప్యూటరుతో రకరకాల వాల్వు పెట్టెలను అనుకరించే బాస్ కటానా, యాభై వాట్లది. మీట తిప్పితే అర వాటుకు దిగుతుంది. అద్దె గదిలో, పక్కింటివాడితో తగువు లేకుండా వాయించుకోవచ్చు. మార్చవలసిన వాల్వులు లేవు, సాయంత్రం నీరసించదు. నాకు దాని ధ్వనిలో ఏదో కొంచెం తక్కువైనట్టే ఉంది. కాని అది నా చేతికి. వాడి చేతికి సరిపోయింది. ఇంకా కొంత డబ్బు మిగిలితే పచ్చ డబ్బా కూడా కొన్నాడు. నవ్వలేదు.

మా వంద వాట్ల పెట్టె ఇప్పటికీ నక్కపల్లి ఇంట్లోనే ఉంది. తలకాయ అమ్మేశాను. స్పీకర్ల పెట్టె మీద అమ్మ ఆవకాయ జాడీలు పెట్టుకుంటోంది.

పోయిన వారం వాడు రాత్రి పదకొండింటికి, గదిలో వాయించి రికార్డు చేసిన ఒక పాట పంపాడు. రెండు నిమిషాలు ఉంటుంది. ఫోను కుడి చెవికి పెట్టుకుని విన్నాను. సగం దాటాక ఒకచోట అరక్షణం తొందరపడ్డాడు. స్పష్టంగా వినిపించింది. అక్కడిదే మళ్ళీ వాయించి పంపమని జవాబు రాశాను.